గాలి నడవని ఇల్లు

ట్రూడా చలికి భయపడే మనిషి కాదు. గాలికి భయపడేది. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లు మా కాలనీలో ఎవరూ లేరు. చలి అందరికీ ఉన్నదే. పొయ్యిలో నాలుగు బొగ్గులు వేస్తే తగ్గుతుంది. గాలి అలా కాదు. తలుపు సందులోంచి సడి చెయ్యకుండా వస్తుంది, మెడ మీద చెయ్యి వేస్తుంది, మర్నాటికల్లా మనిషి మంచం ఎక్కుతాడు. మా అమ్మలు అలాగే చెప్పారు, వాళ్ల అమ్మలూ అలాగే చెప్పి పోయారు.

నా పేరు ఒటిలియా. ఒకే మెట్ల మీద, అదే అంతస్తులో, ట్రూడా ఇంటికి ఎదురు తలుపు నాదే. నోటితో అత్తా అని పిలిచేదాన్ని, ఇక్కడ పేరు పెట్టి చెబుతున్నాను. మా సైలీషియా బొగ్గు సీమలో గనివాళ్ల కోసం ఎప్పుడో కట్టిన ఎర్ర ఇటుకల ఇళ్లు మావి. కిటికీ చట్రాలకు ఎర్ర రంగు, కిటికీ గట్టు మీద ఒక దిండు, ఆ దిండు మీద మోచేతులు ఆన్చుకుని వీధిని చూసే ఒక ఆడమనిషి, ఇంటింటికీ ఇదే వరస. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ గని దీపాల గదిలోనే చేశాను. కిందికి దిగే ప్రతివాడికీ దీపం అందించాలి, పైకి వచ్చాక తీసుకుని వాడి కొక్కేనికి తగిలించాలి. షిఫ్టు దిగాక ఏ కొక్కెం ఖాళీగా ఉందో చూసుకోవాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. రిటైరయినా ఆ చూపు నన్ను వదల్లేదు. పొద్దున లేవగానే ఎవరి కిటికీ తెరుచుకుంది, ఎవరిది తెరుచుకోలేదు అని చూస్తాను. మా కాలనీ అమ్మలక్కలు దానికి వేరే పేరు పెట్టారు, పెట్టుకోనీ.

ట్రూడాకి ఊరికే పట్టుకోలేదు ఆ భయం. ఆమె తొలిచూలు పిల్లాడు యోర్గ్ ఇదే ఇంట్లో, ఇదే వంటగదిలో, ఊయలలో ఉండగా న్యుమోనియా వచ్చి పోయాడు. ఆ రోజు పొద్దున కిటికీ గట్టు మీద లోపలివైపున మంచు పడి ఉందని ఆమె నాతో చాలాసార్లు చెప్పింది. తెల్లగా, సన్నగా, పిండి జల్లినట్టు. చట్రం సందులోంచి లోపలికి వచ్చింది. "నేను కడుపు నిండా తిని వెచ్చగా పడుకున్నాను ఒటిలా, వాడి నెత్తిన మంచు పడుతోంది," అనేది. తర్వాత బెర్నాదెత్తా పుట్టింది, పెరిగింది, పెళ్లయి పక్క ఊరికి వెళ్లింది. కానీ ట్రూడా మనసులో ఆ కిటికీ గట్టు అలాగే ఉండిపోయింది. ఏటా ఆకులు రాలడం మొదలవగానే రెండు అద్దాల మధ్య దూది పరిచేది, చట్రాల చుట్టూ కాగితం అంటించేది, గుమ్మం కింద చుట్టిన దుప్పటి పెట్టేది. మేమంతా చేసేదే ఇది, కాకపోతే మేము కాలం వచ్చింది కదా అని చేసేవాళ్లం. ఆమె యుద్ధానికి సిద్ధమైనట్టు చేసేది.

మొగుడు ఎర్విన్ మావయ్యది సరిగ్గా దీనికి ఎదురు ఉద్యోగం. గనిలో గాలి నడిపించే ముఠాలో ఆయన పెద్ద. బొగ్గు తవ్వేవాళ్ల దగ్గరికి మంచిగాలి వెళ్లాలి, చెడ్డగాలి వెనక్కి రావాలి. అందుకు సొరంగాల్లో చెక్క తలుపులు బిగించడం, గోనె తెరలు కట్టడం ఆయన పని. ఎక్కడికి వెళ్లినా వేలు నోట్లో పెట్టి తడిపి పైకెత్తి చూసేవాడు. గాలి ఎటు నడుస్తోందో వేలికి తెలుస్తుంది. పెళ్లిళ్లలో, చర్చిలో, ఆఖరికి చావు ఇంట్లో కూడా వేలు పైకి లేచేది. మొగుడు గాలిని లోపలికి తెచ్చే రకం, పెళ్లాం గుమ్మంలోనే ఆపే రకం, ఈ కాపురం ఎలా నడుస్తోందిరా దేవుడా అని మేము నవ్వుకునేవాళ్లం. నడిచింది మరి. ఆదివారం ఆమె చేసే మాంసం చుట్టలూ, గుంట నొక్కిన బంగాళాదుంప ఉండలూ, ఎర్ర క్యాబేజీ కూర తిన్నవాడు ఎవడూ ఆ ఇల్లు వదిలి పోడు.

రిటైరయిన కొన్నేళ్లకు మావయ్యకి మతి తప్పడం మొదలయింది. కూతుర్ని తన తల్లి పేరు పెట్టి పిలిచేవాడు. మెట్ల మీద నేను ఎదురైతే దీపం ఇమ్మని చెయ్యి చాచేవాడు. నేను ఏమీ లేని చెయ్యి ఆయన చేతిలో పెట్టి, "జాగ్రత్తగా వెళ్లిరా మావయ్యా," అనేదాన్ని. అది విని సంతోషంగా లోపలికి పోయేవాడు. గనిలో పనిచేసిన వాళ్లకి ముసలితనంలో గని తిరిగి వస్తుంది, ఇందులో వింతేమీ లేదు. దగ్గూ అలాగే వస్తుంది. ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో సగం రాయి అయిపోయాయి. "ఒక్కసారి జలుబు చేసిందంటే మనిషి దక్కడు," అన్నాడట డాక్టరు. ఆ మాట ట్రూడాతో అనకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ఆమె బతుకంతా ఒకే పనికి అంకితమైపోయింది. ఈ మనిషికి గాలి తగలకూడదు, అంతే.

అలాంటి సమయంలో మా ఇళ్ల మరమ్మతు వచ్చింది.

ఊరి పొగ తగ్గించాలని, పాత ఇళ్లలో వెచ్చదనం వీధిలోకి పోకుండా చెయ్యాలని పెద్ద పథకం అది. వేసవిలో పరంజాలు లేచాయి. ముందువైపు ఎర్ర ఇటుకలు ముట్టుకోకూడదన్నారు. వెనక గోడలకి మాత్రం అరచెయ్యి మందం థర్మాకోల్ పలకలు అంటించి పైన పూత వేశారు. పాత కిటికీలు పీకేసి మూడు అద్దాల కిటికీలు పెట్టారు. బొగ్గు పొయ్యిలు పోయాయి. వేడినీళ్ల గొట్టాలతో గదులు వెచ్చబడ్డాయి. మెట్ల మధ్య ఉండే ఉమ్మడి మరుగుదొడ్డి పోయి ఇంటికొక స్నానాలగది వచ్చింది, అందులో గోడకి ఒక గ్యాస్ గీజరు. మాలాంటివాళ్లకి అది చాలా గొప్ప. మా నాన్న రేకు తొట్టిలో స్నానం చేసి పోయాడు.

పని అయ్యాక ఒక ఎంజినీరమ్మాయి ఇంటింటికీ వచ్చి అన్నీ చూపించింది. కిటికీ చట్రం పైన సన్నని చీలిక ఉంది, స్నానాలగదిలో కప్పు కింద జాలీ వేసిన గాలి కన్నం ఉంది. ఇల్లు ఇప్పుడు సీసాలాగా బిగుతయింది, గీజరు మంటకీ మీకూ కావలసిన గాలి ఈ చీలికలోంచే రావాలి, చెడ్డగాలి ఆ కన్నంలోంచే పోవాలి, రెంటిలో ఏది మూసినా ప్రమాదం అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ట్రూడా బుద్ధిగా తల ఊపింది. ప్లమ్ పళ్ల కేకు ముక్క కోసి పెట్టింది. ఆ పిల్ల మెట్లు దిగుతుండగానే నావైపు తిరిగి, "గోడకి కోటు తొడిగి కిటికీకి కన్నం పెడతారా ఎవరైనా? చదువుకున్న పిల్లేనా ఇది?" అంది.

సాయంత్రానికి చీలిక మీద టేపు పడింది. కన్నంలో పాత తువ్వాలు దూరింది. ఆమెని ఒక్కదాన్నే అనడం ఎందుకు, మా మెట్ల మీద ఆ శీతాకాలం ఒక్క కన్నమూ తెరిచి లేదు.

పొగగొట్టాలు చూసేవాడు శరత్కాలంలో వస్తాడు. నల్లబట్టలు, ఇత్తడి గుండీలు, భుజాన తాడు చుట్ట. ఆయన ఎదురైతే ఎవరైనా సరే తమ బట్టకున్న గుండీ గట్టిగా పట్టుకోవాలి, పట్టుకుంటే అదృష్టం కలిసి వస్తుంది. ఆయన్ని చూసి ముఖం చిట్లించిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కింది వాకిట్లో అడుగు పెట్టగానే కబురు ఆయనకన్నా ముందు మెట్లెక్కుతుంది. ఇంటింటా కుర్చీలు లాగిన చప్పుడు. కన్నాల్లోంచి గుడ్డలు బయటికి, టేపులు చింపి చెత్తలోకి, కిటికీ ఓరగా. ఆయన వచ్చి ఒక కాగితం ముక్క కన్నం దగ్గర పెడతాడు. కాగితం జాలీకి అతుక్కుంటే గాలి లాగుతున్నట్టు. అతుక్కుంటుంది. సంతకం పెడతాడు. ఆయన పై అంతస్తుకు ఎక్కేలోపు కింద మళ్లీ కుర్చీలు లాగిన చప్పుడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉండేది వ్యవహారం.

ఆయన మాత్రం పిచ్చివాడా. మెట్ల మలుపులో ఆగి మా అందరి వంకా చూశాడు. "అమ్మలూ, నా కోసం గుండీలు పట్టుకుంటున్నారు, మంచిదే. నేను వెళ్లాక కూడా నేను ఇక్కడే ఉన్నాననుకోండి," అన్నాడు.

మేము నవ్వాము. ట్రూడా అందరికన్నా గట్టిగా నవ్వింది, గౌను గుండీ వదలకుండానే.

ఆ శీతాకాలం మొదట్లో ఆమె అంత సుఖంగా ఎప్పుడూ లేదు. గోడకి వీపు ఆనిస్తే వెచ్చగా ఉండేది. కొవ్వొత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకుని, మంట కదలడం లేదు చూడమని నాకు చూపించింది. "యోర్గ్ పుట్టినప్పుడు ఈ కిటికీ ఉంటేనా," అంది. నేను లేచి కాఫీ కప్పు కడిగి బోర్లించాను.

తర్వాత అద్దాలు చెమర్చడం మొదలుపెట్టాయి. పొద్దున్నే కిటికీ కింద నీళ్లు కారేవి. గుడ్డ పెట్టి తుడిచి బకెట్లో పిండేది. బీరువా వెనక మూలలో నల్లమచ్చ లేచింది, వెనిగరుతో తోమితే పోయి మళ్లీ వచ్చింది. ట్రూడాకి తలనొప్పి పట్టుకుంది. స్నానం చేసిన రోజు ఎక్కువ ఉండేది, మోకాళ్లలో సత్తువ ఉండేది కాదు. డాక్టరు రక్తపోటు అన్నాడు. చిత్రం ఏమిటంటే చర్చికి వెళ్తే తలనొప్పి మాయమయ్యేది. అంత పొడుగు చర్చి, గాలి సుడులు తిరిగే చర్చి, అక్కడ గంట కూర్చుంటే ముఖంలో రంగు వచ్చేది. "మేరీమాత దయ ఒటిలా. లోపలికి అడుగు పెడితే చాలు, చెయ్యి పెట్టి తీసేసినట్టు పోతుంది," అనేది. అప్పటినుంచి రోజూ వెళ్లేది. ఇంటికి వచ్చాక నొప్పి మళ్లీ వచ్చేది. అది ఆమెకి పాపాల లెక్కలాగా కనబడింది.

మావయ్య మాత్రం ఆ ఇంట్లో ఒక్కచోట నిలవలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచేవాడు. వేలు తడిపి పైకెత్తేవాడు, గది గది తిరిగేవాడు, అన్నిచోట్లా ఎత్తేవాడు. ఒకరోజు నేను సూప్ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లేసరికి స్టూలు మీద నిలబడి స్నానాలగది కన్నంలోంచి తువ్వాలు లాగుతున్నాడు. ట్రూడా కింద నిలబడి పైజమా పట్టుకుని దిగమంటోంది.

"గాలి నడవడం లేదు," అన్నాడు ఆయన. "చచ్చిపోయింది ఇక్కడ. జనాన్ని పైకి పంపండి."

"ఏ జనాన్ని? ఉన్నది నువ్వూ నేనూ. దిగు ముసలోడా, నడుం విరిగితే ఎత్తేవాళ్లు లేరు."

"చెప్పేది విను. దీపం ఎలా మండుతోందో చూడు."

గీజరు లోపలి చిన్న మంట వంక చూపించాడు. నీలంగా ఉండాల్సింది పసుపుగా ఉంది, ఒక పక్కకి వాలుతోంది. ట్రూడా చూసింది, నేనూ చూశాను. ఆయన కొక్కేలూ దీపాలూ అని మాట్లాడే మనిషి. రోజుకి పదిసార్లు గనిలోకి దిగి వచ్చేవాడు ఏం చెబితే మాత్రం ఎవరు చెవిన పెడతారు? చేతిలోంచి తువ్వాలు లాక్కుని ఆమె మళ్లీ కుక్కింది.

ఇక అది రోజూ జరిగే తంతు అయిపోయింది. పొద్దున ఆమె పెట్టేది, ఆమె చర్చికి వెళ్లగానే ఆయన పీకేవాడు. తువ్వాలు దాచిపెడితే టేపు చింపేవాడు. టేపు చింపకుండా కుర్చీ అడ్డం పెడితే ఏకంగా కిటికీ తెరిచి నిలబడేవాడు, దగ్గుతూ, చొక్కా గుండీలు విప్పుకుని. ఆమె వచ్చి చూసి ఏడ్చేది. "వీణ్ణి బతికించుకోవాలని నేను చస్తుంటే, వీడు చావాలని పంతం పట్టాడు," అనేది. మొగుణ్ణి వాడు వీడు అనడం అదే మొదటిసారి విన్నాను. కోపం కాదు అది, బెంగ. ఆమె ముఖం పాలిపోయి, పెదాలు మాత్రం ఎర్రగా ఉండేవి. ఎవరో రంగు వేసుకుందని కూడా అన్నారు.

గనివాళ్లని కాచే సెయింట్ బార్బరా పండగ రోజు తెల్లవారేసరికి గని బ్యాండు వీధిలోకి వస్తుంది. ఈకల టోపీలు పెట్టుకుని, ఇత్తడి వాద్యాలతో, కిటికీ కిటికీ కింద ఆగి అందర్నీ లేపుతారు. గని మూతపడినా బ్యాండు మాత్రం మానలేదు. ఆ రోజు వాళ్లు మా కింద వాయిస్తుండగా నేను దిండు వేసుకుని కిటికీలో ఉన్నాను. అద్దం పగిలిన చప్పుడు వినబడింది. పక్క కిటికీలోంచి గాజుముక్కలు డప్పు వాయించేవాడి కాళ్ల దగ్గర పడ్డాయి. తల తిప్పి చూస్తే ట్రూడా వంటగది కిటికీ. అందులోంచి ఎర్విన్ మావయ్య చేతికర్ర, గనివాళ్లకి బహుమతిగా ఇచ్చే గొడ్డలి పిడి కర్ర, ఇంకా బయటికి వచ్చి ఉంది.

నేను పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. ఆయన పగిలిన అద్దం దగ్గర నిలబడి ఉన్నాడు, అరచేతి నుంచి రక్తం కారుతోంది. ట్రూడా స్నానాలగది గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది, తడి జుట్టుతో, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, వాంతి చేసుకుని. పండక్కని తెల్లవారే తలస్నానానికి దిగిందట. కళ్లు తిరిగాయట. బయటికి ఎలా వచ్చిందో గుర్తు లేదట. ఆయనే లాక్కొచ్చి పడేశాడు కాబోలు, ఆమె మోచెయ్యి గీసుకుపోయి ఉంది. చలిగాలి ముఖాన కొట్టేసరికి నెమ్మదిగా తేరుకుంది. తేరుకుని మొదట అన్న మాట, "కిటికీ," అని. "దేవుడా, కొత్త కిటికీ."

భయపడి రక్తపోటు పెరిగి పడిపోయిందని అందరూ అనుకున్నారు. ముసలాయన కర్ర ఎత్తాడు, ఆమె బెదిరి జారిపడింది, కథ అలా తయారైంది. ఆ మధ్యాహ్నమే బెర్నాదెత్తా వచ్చింది. మంచి పిల్లే, ఆమెని తప్పు పట్టను. తండ్రి చేతికి కట్టు, తల్లి మోచేతికి కట్టు చూసింది. ఈసారి కిటికీ, వచ్చేసారి అమ్మ తల అంది. కన్యాస్త్రీలు నడిపే వృద్ధాశ్రమంలో ఖాళీ ఉంది, బాగా చూసుకుంటారంది. ట్రూడా రెండు రోజులు ఒప్పుకోలేదు. తర్వాత అక్కడ గదులు వెచ్చగా ఉంటాయా, కిటికీలు ఎలాంటివి అని అడిగింది. కొత్తవేనని కూతురు చెప్పాక ఒప్పుకుంది.

తీసుకెళ్లే రోజు మెట్లు దిగుతూ ఆయన నా దగ్గర ఆగాడు. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, చాలా మర్యాదగా ఉన్నాడు. దీపం ఇమ్మంటాడనుకుని చెయ్యి చాచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరికి వంగాడు.

"ఒటిలా, నేను పైకి పోతున్నాను. లోపల ఒకరు ఉండిపోయారు, చూసుకో."

"చూసుకుంటాలే మావయ్యా," అన్నాను. పాపం, ఇంకా గనిలోనే ఉన్నాడనుకున్నాను.

కిటికీకి కొత్త అద్దం వేశారు. పండగలు వెళ్లాయి. ట్రూడా ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఆదివారం ఆదివారం గిన్నెలో మాంసం చుట్టలు పెట్టుకుని ఆశ్రమానికి వెళ్లి వచ్చేది. వచ్చి అక్కడ ఆయన బాగా తింటున్నాడని, దగ్గు కూడా తగ్గిందని చెప్పేది. చెబుతూ చెబుతూ ఆగిపోయేది. ఒకరోజు నన్ను పిలిచి స్నానాలగదిలో కన్నం చూపించింది. తువ్వాలు తీసేసి ఎర్విన్ మావయ్య గనిలో వేసుకునే పాత ఫ్లానెల్ చొక్కా మడత పెట్టి కుక్కింది. మందంగా, బిగుతుగా, చేతులు కూడా లోపలికి దోపి.

"ఇది పెడితే ఇంక ఊపిరి కూడా దూరదు," అంది. "ఒటిలా, ఇప్పుడు పీకేవాడు లేడు." నవ్వబోయి ఏడ్చింది. "రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే చర్చి నుంచి వచ్చేసరికి అది అలాగే ఉంటే గుండె పట్టేస్తోంది."

నేను ఆమె వీపు నిమిరాను. ఆ చొక్కా వంక ఇద్దరం చాలాసేపు చూస్తూ నిలబడ్డాం.

జనవరిలో పొగమంచు దిగింది. మామూలు మంచు కాదు, ఎక్కడిది అక్కడే పడి ఉండేది. ఇంకా బొగ్గు పొయ్యి వదలని వీధుల పొగ పైకి లేవలేక ముంగిళ్లలోకి దిగి పాకేది. పావురాలు గూళ్లలోంచి బయటికి రాలేదు. బట్టలు ఆరేస్తే మసి వాసన. పొగగొట్టాలు పొగని పైకి లాగడం మానేసిన రోజులు అవి, పెద్దవాళ్లు అలాంటప్పుడు ఆకాశం మూత పెట్టుకుందనేవాళ్లు. శనివారం సాయంత్రం ట్రూడా నా తలుపు కొట్టి కొంచెం ఆవపిండి అడిగింది, మాంసం చుట్టల్లో పూయడానికి. తల పగిలిపోతోందంది. వేడినీళ్ల స్నానం చేసి త్వరగా పడుకుంటే పొద్దున్నే ఆశ్రమానికి హాయిగా వెళ్లొచ్చంది. ఆదివారం మాంసానికి ఆవపిండి కొంచెం ఎక్కువే పూయమంటాడు ముసలాయన అని కూడా అంది. గిన్నె పట్టుకుని తన తలుపు వేసుకుంది.

ఆదివారం పొద్దున నేను కిటికీలో దిండు వేసుకున్నాను. ఎదుటి వరసలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మా వరసలో పక్కవాళ్లవి తెరుచుకున్నాయి. మొదటి ప్రార్థన గంట కొట్టారు. ట్రూడా ఎప్పుడూ మొదటి ప్రార్థనకే వెళ్తుంది. మెట్ల మీద ఆమె అడుగు వినబడలేదు. నేను కిందికి దిగి వీధిలోంచి పైకి చూశాను. ఆమె కిటికీలు లోపలివైపు నుంచి నీరు కమ్మి తెల్లగా ఉన్నాయి, ఏమీ కనబడటం లేదు. గట్టు మీద దిండు లేదు. దీపాల గదిలో ఖాళీ కొక్కెం చూసినట్టే అనిపించింది. మళ్లీ పైకెక్కి తలుపు బాదాను. పేరు పెట్టి అరిచాను. తర్వాత ఫైరింజన్ వాళ్లకి ఫోను చేశాను.

వాళ్లలో ముందు వచ్చినవాడి ఛాతీ మీద చిన్న యంత్రం ఒకటి తగిలించి ఉంది. తలుపు పగలగొట్టి గుమ్మం దాటగానే అది కూత పెట్టింది. ఆపకుండా కూస్తూనే ఉంది. మమ్మల్నందర్నీ కిందికి దిగిపొమ్మని అరిచారు. ముసుగులు వేసుకుని లోపలికి వెళ్లారు, కిటికీలన్నీ బార్లా తెరిచారు. మేము పొగమంచులో నైటీల మీద కోట్లు వేసుకుని నిలబడ్డాం. నీళ్లు చల్లారిన తొట్టిలో ఉంది ట్రూడా, బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్నట్టు. వంటగది బల్ల మీద మాంసం చుట్టలు దారం కట్టి సిద్ధంగా ఉన్నాయి. తర్వాత ఒక మనిషి కిందికి వచ్చి, చేతిలో ఫ్లానెల్ చొక్కా చూపించి, ఇది ఎవరిది, ఎందుకు కన్నంలో ఉంది అని అడిగాడు. వాసన లేని విషం అది, గీజరు ఊదింది బయటికి పోయే దారి లేక గదిలోనే నిండిపోయిందన్నాడు. అతనికి కోపంగా ఉంది. చిన్నవాడే, ఇంతకుముందు కూడా ఇలాంటివి చూసినట్టున్నాడు. ఆ చొక్కా ఎవరిదో నేను చెప్పాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ వారం మా మెట్ల మీద కన్నాలన్నీ తెరుచుకున్నాయి.

అంత్యక్రియలు అయ్యాక అందరం ట్రూడా వంటగదిలోనే చేరాం. కాఫీ, జున్ను కేకు, సాసేజీలు, మా దగ్గర చావు భోజనం ఇలాగే ఉంటుంది. బెర్నాదెత్తా ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. ఎర్విన్ మావయ్యని ఆశ్రమం నుంచి తీసుకొచ్చింది. నల్ల గని కోటు తొడిగారు, ఈకల టోపీ పెట్టారు. సమాధి దగ్గర ఆయన కళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు. ఇంట్లోకి వచ్చాక మాత్రం తిన్నగా స్నానాలగది గుమ్మం దాకా నడిచాడు. కప్పు కింద జాలీ ఖాళీగా ఉంది. వేలు నోట్లో పెట్టి తడిపి పైకెత్తాడు. అందరూ కేకు నమలడం ఆపి చూశారు.

"నడుస్తోంది," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. ఆ గదిలో నన్ను ఒక్కదాన్నే గుర్తు పట్టాడు. "ఒటిలా, అందరూ పైకి వచ్చారా?"

బెర్నాదెత్తా నా వంక చూసింది, అవునని చెప్పు అన్నట్టు. ఆ మాట అంటే అయిపోయేది. కానీ దీపాల గదిలో ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పిన ఆడది మా తరంలో లేదు.

"ఒకరు రాలేదు మావయ్యా," అన్నాను.

ఆయన తల ఊపాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత కాఫీ పోశారు, మాటలు నెమ్మదిగా మళ్లీ మొదలయ్యాయి. వీధిలో చీకటి పడుతోంది, ఫైరింజన్ వాళ్లు వచ్చి వెళ్లినప్పటినుంచీ వంటగది కిటికీ ఓరగానే ఉంది. బల్ల ఆ చివరినుంచి ఎవరో, "మెడకి గాలి కొడుతోంది, పెద్దాయన కూడా ఉన్నాడు, ఆ కిటికీ కాస్త వెయ్యండమ్మా," అన్నారు. పక్కనున్న మనిషి లేచి వెళ్లి మూసింది, గడియ బిగించింది. ఎర్విన్ మావయ్య మళ్లీ వేలు తడిపి పైకెత్తాడు.